చదువు బంద్ పెట్టిందెవరు? : ఫస్టియర్, దళిత విద్యార్థి, హాస్టల్ వరండా

హుస్నాబాద్ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఒక మాట ఉంది. కాలేజీకి పోయిన పిల్లగాడు నడుమనే ఇంటికి వచ్చేస్తే 'ఆడు సదువు బంద్ పెట్టిండు' అంటరు. ఈ వాక్యంలో కర్త ఆ పిల్లగాడే. కాలేజీ ఇచ్చే టి.సి.లో కూడా అంతే. విడిచిపోవడానికి కారణం రాసే గడిలో 'సొంత కారణాలు' అని రాసి, కింద ముద్ర వేసి సంతకం పెడతారు. వాడ మాటకూ కాలేజీ రాతకూ ఏనాడూ పొత్తు కుదరదు. ఈ ఒక్క విషయంలో మాత్రం రెండూ ఒకటే చెప్తున్నాయి: మానేసిన వాడే కారణం. ఈ వాక్యం మీద మాకు అనుమానం ఉంది. చదువు బంద్ పెట్టిన వాడు ఒకడు, పెట్టించిన వాళ్ళు అనేకులు. ఆ అనేకుల చరిత్ర రాయాలనే ఈ ప్రయత్నం.

మేం ఎక్కువగా ఫస్టియర్ గురించే మాట్లాడుతాం. ఎందుకంటే మా వాడల్లో డిగ్రీ రెండో సంవత్సరంలో మానేసిన వాళ్ళు తక్కువ కనిపిస్తారు. మానేసిన వాళ్ళల్లో ఎక్కువమంది దసరా సెలవులకు వచ్చి మళ్ళీ బస్సెక్కని వాళ్ళు, లేకపోతే సంక్రాంతి దాటినంక పోని వాళ్ళు. అంటే కాలేజీ గేటు దాటిన మొదటి ఐదారు నెలల్లోనే తేలిపోతుంది. హుస్నాబాద్ ఉన్న చోటు కూడా దీనికి తగ్గట్టే ఉంది. కరీంనగర్, సిద్దిపేట, హనుమకొండ - మూడు చదువుల పట్టణాల నడుమ మెట్టభూముల ఊరు ఇది. 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లాలో ఉండి, ఆ తర్వాత సిద్దిపేట జిల్లాలోకి పోయింది. ఒక్క నియోజకవర్గం మూడు జిల్లాల్లోకి చీలిపోయింది. హుస్నాబాద్, కోహెడ, అక్కన్నపేట ఒక దిక్కు. చిగురుమామిడి, సైదాపూర్ ఒక దిక్కు. భీమదేవరపల్లి, ఎల్కతుర్తి ఇంకో దిక్కు. ఇప్పుడు హుస్నాబాద్‌లోనే ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. కాని మా ముందు తరానికి చదువంటే ఊరు విడిచి, కిరాయి గది వెతుక్కొని, బియ్యం మూట మోసుకొని పోవుడే.

కాలేజీలో చేరిన విద్యార్థి మధ్యలో పోకుండా నిలబడడాన్ని ఇంగ్లీషులో 'రిటెన్షన్' అంటారు. అంటే నిలుపుకోవడం. నిలుపుకొనేది కాలేజీ, నిలిచేది విద్యార్థి. ఈ మాటతో ముడిపడిన ఒక చోటును ఒకసారి చూడాలి. అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలోకి నల్లజాతి విద్యార్థులను దశాబ్దాల పాటు, 1963 దాకా రానివ్వలేదు. ఆ ఏడు ముగ్గురు చేరారు. 1970 మే నెలలో, వియత్నాం యుద్ధం కంబోడియాకు పాకినప్పుడు, కెంట్ స్టేట్ కాల్పుల తర్వాత, అక్కడి విద్యార్థులు పరిపాలనా భవనం మీదికి పోయారు. టియర్‌గ్యాస్, జాతీయ గార్డులు, అరెస్టులు అన్నీ అయ్యాయి. అప్పటి అధ్యక్షుడు థామస్ జోన్స్ ఆలోచించింది ఏమంటే, విద్యార్థులకు విశ్వవిద్యాలయం మీద ప్రేమ లేదు, దాన్ని మొదటి ఏడాదిలోనే కలిగించాలి అని. అట్లా 1972లో 'యూనివర్సిటీ 101' అనే తరగతి మొదలైంది. జాన్ గార్డ్‌నర్ అనే అధ్యాపకుడు దాన్ని దేశమంతా తిప్పాడు. కొత్తగా వచ్చిన పాతిక మందిని ఒక గదిలో కూర్చోబెట్టి, ఒక అధ్యాపకుడు వాళ్ళతో ఒక సెమిస్టరు పొడుగునా మాట్లాడుతూ, లైబ్రరీ ఎట్లా వాడాలె, పరీక్ష ఎట్లా రాయాలె, దిగులైతే ఎవరి దగ్గరికి పోవాలె అని చెప్పే తరగతి అది. ఫస్టియర్ సెమినార్ అంటే ఇదే.

ఈ కథలో మేం గమనించింది ఒకటుంది. తిరుగుబాటు జరిగింది కాబట్టి తరగతి పుట్టింది. విద్యార్థులు రాళ్ళు వేయకపోతే వాళ్ళతో కూర్చొని మాట్లాడాలన్న ఆలోచన విశ్వవిద్యాలయానికి వచ్చేది కాదు. ఇక్కడ మాత్రం కథ తలకిందులుగా నడిచింది. ఆ సంగతి తర్వాత చెప్తాం.

దీనికి సిద్ధాంతం చెప్పినవాడు విన్సెంట్ టింటో. 1975లో రాసిన వ్యాసంలో, 1987లో వచ్చిన పుస్తకంలో అతను కాలేజీ మానేయడాన్ని అర్థం చేసుకోవడానికి ఎవరిని తెచ్చుకున్నాడో చూడండి. ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త దర్ఖైమ్‌ను! దర్ఖైమ్ 1897లో ఆత్మహత్య మీద పుస్తకం రాశాడు. సమాజంలో కలవలేని వాడు ప్రాణం తీసుకుంటాడని అందులో ఒక వాదన. కాలేజీ సమాజంలో కలవలేని వాడు కాలేజీ వదిలేస్తాడని టింటో దాన్ని మలుచుకున్నాడు. పాత సమూహం నుంచి విడిపోవడం, నడుమ ఊగిసలాడడం, కొత్త సమూహంలో కలిసిపోవడం అని మూడు మెట్లు కూడా చెప్పాడు. 1992లో విలియం టియర్నీ దీన్ని గట్టిగా అడ్డుకున్నాడు. తెల్లపిల్లవాడికి కాలేజీ అంటే తన ఇంటికి ఇంకో గది. ఆదివాసీ, నల్లజాతి పిల్లవాడికి మాత్రం తన జాతిని విడిచి ఇంకొకరి జాతిలో చేరమని చెప్పడం. ఇది ఎదుగుదల ఎట్లా అవుతుందని అతని ప్రశ్న సారాంశం.

మాదిగవాడ నుంచి వచ్చిన పిల్లవాడికి ఈ ప్రశ్న ఇంకా సూటిగా తగులుతుంది. కలిసిపొమ్మంటున్నారు సరే, కలుపుకునేదెవరు? అంబేడ్కర్ ఎల్ఫిన్‌స్టన్ కాలేజీలో చదివినప్పుడు అక్కడి హోటల్ నడిపే బ్రాహ్మడు ఆయనకు చాయ కాదు గదా, మంచినీళ్ళు కూడా పోయలేదని ఆయన జీవితచరిత్రకారుడు ధనంజయ్ కీర్ రాశాడు. ఇంటర్ అయినంక తండ్రికి చదివించే శక్తి లేకుండా పోయింది. మనవాళ్ళ భాషలో చెప్పాలంటే చదువు బంద్ పడే గడియ అది. నెలకు 25 రూపాయల బరోడా మహారాజు స్కాలర్‌షిప్పు, పుస్తకాలతో పాటు తొడుక్కోవడానికి బట్టలు కూడా ఇచ్చిన ముల్లర్ అనే ప్రొఫెసర్ - ఈ రెండే నిలబెట్టాయి. 1912లో బి.ఎ. పాసయ్యాడు. ఆయన తెలివి మీద మనం ఎన్ని ఉపన్యాసాలైనా ఇస్తాం. ఆ 25 రూపాయల మీద, ఆ అంగీల మీద తక్కువ మాట్లాడుతాం.

ఆయన మాత్రం మరువలేదు. వైస్రాయి కార్యవర్గంలో సభ్యుడైనంక 1942లో షెడ్యూల్డు కులాల కష్టాల మీద విజ్ఞాపన రాసి, ఉన్నత చదువుకు డబ్బు అడిగాడు. దాని ఫలితమే 1944-45లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ పెట్టినప్పుడు పొద్దుగాల పొద్దుగాల తరగతులు పెట్టించాడు, కొలువు చేసుకొనే పిల్లలు చదువుకొని పనికి పోయేందుకు. 1950లో ఔరంగాబాదులో కాలేజీ తెరిచాడు. మిళింద్ అనే పేరు దానిదే. అప్పటికి ఔరంగాబాదు కూడా హైదరాబాదు రాష్ట్రమే, కరీంనగర్ లాగనే. మిళింద్‌లో చదివి, అక్కడే పాఠాలు చెప్పిన గంగాధర్ పాన్‌తావణే తర్వాత 'అస్మితాదర్శ్' పత్రిక నడిపాడు, మరాఠీ దళిత సాహిత్యానికి అది వేదికైంది. వచ్చిన విద్యార్థిని మార్చుకోవాలని కాకుండా విద్యార్థి బతుకును బట్టి కాలేజీ టైంటేబులునే మార్చాలన్న ఆలోచన అంబేడ్కర్‌ది. సౌత్ కరోలినాకు పాతికేళ్ళ ముందటి మాట ఇది. అమెరికా పుస్తకాల్లో ఇది కనపడదు సరే, మన విశ్వవిద్యాలయాల్లో విద్యాశాస్త్రం చెప్పేవాళ్ళు కూడా చెప్పరు.

ఒకే రాష్ట్రంలో ఉన్నా ఔరంగాబాదులో జరిగింది కరీంనగర్‌లో ఎందుకు జరగలేదు? ఇక్కడ చదువు చరిత్ర వేరే దారిన నడిచింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడింది, 1919లో తరగతులు మొదలైనాయి. బోధన ఉర్దూలో. దేశభాషలో ఉన్నత విద్య అని దేశమంతా మెచ్చుకుంది. తెలంగాణ పల్లెల్లో మాల మాదిగ పిల్లలకు ఆ దేశభాష కూడా పరాయిదే. భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి హైదరాబాదులో ఆది హిందువుల పిల్లల కోసం తెలుగు బడులు పెట్టాడు. ఆ బడుల నుంచి పైకి పోవాలంటే భాష మారాల్సిందే. బి.ఎస్. వెంకట్రావు ప్రయత్నంతో నిజాం ప్రభుత్వం దళితుల చదువు కోసం కోటి రూపాయల నిధి కేటాయించింది. చిన్న విషయం కాదు. కాని పట్నంలో ఉన్నవాళ్ళకు అందినంత, మానేరు ఒడ్డున దొరల వెట్టి కింద ఉన్నవాళ్ళకు అందలేదు. వెట్టి చేస్తున్న ఇంట్లో పిల్లవాడిని కాలేజీ ఎట్లా నిలుపుకుంటుంది? వాడిని ముందుగాల దొర నిలుపుకున్నాడు.

పోలీసు చర్య తర్వాత ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. కరీంనగర్‌లో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ 1956లో వచ్చింది, శ్రీ రాజరాజేశ్వర కాలేజీ అని పేరు. 1959 నుంచి 1961 దాకా దానికి ప్రిన్సిపాల్ 'వేయిపడగలు' రాసిన విశ్వనాథ సత్యనారాయణ. వర్ణధర్మం మీద అంత నమ్మకం ఉన్న కవి కుర్చీలో ఉండగా ఆ గేటు దాటిన మొదటి తరం దళిత విద్యార్థులు ఏమనుకున్నారో ఎవరూ రాసిపెట్టలేదు. రాసుంటే ఈ వ్యాసం అక్కడి నుంచే మొదలయ్యేది. పి.యు.సి. రోజుల్లో ఊరి బడిలో తెలుగులో చదివిన పిల్లవాడు ఒక్క వేసవి గడిచేసరికి లెక్కలు, సైన్సు ఇంగ్లీషులో వినాల్సి వచ్చేది. ఆ ఒక్క ఏడు ఒక జల్లెడ. ఎవరు రాలిపోతారో ముందే తెలిసిన జల్లెడ.

దీనికి విరుగుడు తెలుగు మాధ్యమం అన్నారు. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. విద్యామంత్రిగా దాన్ని ముందుకు తెచ్చింది పి.వి. నరసింహారావు. ఆయన ఊరు వంగర హుస్నాబాద్‌కు పొరుగునే, భీమదేవరపల్లి మండలం. 1971లో ఇంటర్మీడియట్ బోర్డు వచ్చింది. ఇంటర్‌కూ డిగ్రీకీ అకాడమీ పుస్తకాలు తెలుగులో వచ్చాయి. మేం వాటితోనే చదువుకున్నాం, ఆ రుణం కాదనం. తక్కువ ధరకు పుస్తకం దొరకడం మా వాళ్ళకు ఎంత పెద్ద సంగతో, ఇంగ్లీషు మీడియం కావాలని ఇప్పుడు వాదిస్తున్న మేం కూడా మరువొద్దు. కాని అది ఏ తెలుగు? ఎకనామిక్స్ పుస్తకం తెరిస్తే 'క్షీణోపాంత ప్రయోజన సూత్రం' అని ఉండేది. ఇంగ్లీషు గోడ దాటి వచ్చామనుకుంటే సంస్కృతం గోడ ఎదురైంది. పైగా కాలేజీలో రెండు సెక్షన్లు తయారైనాయి. ఇంగ్లీషు మీడియం సెక్షన్ ఊరు, తెలుగు మీడియం సెక్షన్ వాడ. ఎవరు ఎటు కూర్చుంటారో ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

ఆ సూత్రం మాకు అర్థమైంది తరగతిలో కాదు. మాలో ఒకరు చదివిన కాలేజీలో, పేరెందుకు, మొదటి వారమే 'స్కాలర్‌షిప్పోళ్ళు లేవండి' అని లేపి నిలబెట్టి పేర్లు రాసుకున్నారు. ఆ లేచి నిలబడడం తోటే క్లాసు రెండు ముక్కలైంది. ఆ రోజు నుంచి అతను వెనక బెంచీలోనే. డిసెంబరు దాకా ఒక్క లెక్చరరుతోనూ ఒక్క మాట మాట్లాడలేదు. ఎకనామిక్స్ అతనికి చెప్పింది హాస్టల్ వరండాలో ఫైనలియర్ చదివే ఒక అన్న. 'ఎండల పొద్దంత కోత కోసి ఇంటికొస్తివి. అవ్వ ఒక గురిగి అంబలి పోసింది. పానం లేచొచ్చింది. రెండో గురిగి పోసింది, మంచిగనే ఉంది. మూడోది పోస్తే చాలు అంటవు. గదే తమ్మీ క్షీణోపాంతం' అన్నాడు. వరండాలో కూర్చున్న ఇంకొకడు 'మా ఇంట్ల మూడో గురిగి దాక ఎన్నడు పోలేదన్నా, గా సూత్రం నిజమో కాదో నాకెట్ల తెలుస్తది' అన్నాడు. అందరూ నవ్వారు. ఏ విశ్వవిద్యాలయంలోనైనా అర్థశాస్త్రం మీద ఇంతకన్నా మంచి సెమినార్ జరిగిందని మేం అనుకోం.

సోషల్ వెల్ఫేర్ హాస్టల్ గురించి పత్రికల్లో వచ్చేదంతా పురుగుల అన్నం, నీళ్ళ చారు, కప్పు ఊడిపడడం. అదంతా నిజమే, ఇప్పటికీ నిజమే. దానితో పాటు చెప్పాల్సింది ఇంకొకటుంది. ఆ హాస్టలే లేకపోతే ఉత్తర తెలంగాణలో దళిత పట్టభద్రుడనే మనిషే ఉండడు. కాలేజీ పిల్లలకు ప్రభుత్వ హాస్టల్ దొరకని చోట స్కాలర్‌షిప్పు డబ్బు కలిపేసుకొని, పాత ఇల్లు కిరాయికి తీసుకొని, వంటమనిషిని పెట్టుకొని విద్యార్థులే హాస్టళ్ళు నడుపుకున్నారు. స్కాలర్‌షిప్పు ఆలస్యమైతే కిరాణం సేటు దగ్గర ఖాతా పెట్టడం, కొత్తగా వచ్చిన వాడికి కుల సర్టిఫికెట్ కోసం తాసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగడం, ఫారం నింపిపెట్టడం, ర్యాగింగ్ చేసేవాడిని నిలదీయడం - అంతా సీనియర్ల పనే. ర్యాగింగ్ మీద చట్టం 1997లో గాని రాలేదు. అప్పటిదాకా వరండానే చట్టం. పది రోజులు కనపడని ఫస్టియర్ పిల్లవాడి ఊరికి ఇద్దరు సీనియర్లు బస్సెక్కి పోవడం కూడా మేం చూసినదే. తండ్రి తీసుకున్న అప్పు కింద కొడుకు జీతం ఉండాల్సి వచ్చిందని తెలిస్తే, ఆ ఇంటి ముందర కూర్చొని మాట్లాడి వాడిని వెంట తెచ్చుకున్నారు. దీనికి ఏ నిధీ లేదు, ఏ పేరూ లేదు. నిలుపుకోవడం అంటే ఇదే గదా!

ఈ వరండాకు రాజకీయం కూడా వచ్చింది. 1975లో రాడికల్ విద్యార్థి సంఘం ఏర్పడింది. 1978 వేసవిలో 'గ్రామాలకు తరలండి' పిలుపుతో విద్యార్థులు పల్లెలకు పోయారు. ఆ ఏడు సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర, అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతాలు. హుస్నాబాద్ ప్రాంతం కూడా ఆ ఉద్యమంలో మునిగిన నేలే. ఇక్కడ మా ప్రశ్న ఇబ్బందికరమైనది. వరండాలో చదువు నేర్పిన సంఘమే ఎందరినో చదువు విడిపించింది. మాదిగ పిల్లవాడు ఫస్టియర్ మానేసి దళంలోకి పోతే అది త్యాగం, అదే పిల్లవాడు ఇటుకబట్టీకి పోతే డ్రాపవుట్. రెండిట్లోనూ ఇంట్లో మొదటి డిగ్రీ పోయింది. త్యాగాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. చదువును బూర్జువా చదువని తీసిపారేయగలిగింది తాతల నాటి నుంచి చదువు ఉన్నవాళ్ళే అని మాత్రం అంటున్నాం. ఆ అధ్యయన తరగతుల్లో భూమి గురించి, రాజ్యం గురించి అంత లోతుగా మాట్లాడి కులం దగ్గరికి వచ్చేసరికి ఉపరితలం అని దాటేశారు. 1985 జూలైలో కారంచేడు జరిగినంక, 1991 ఆగస్టులో చుండూరు జరిగినంక గాని హాస్టల్ గోడల మీద అంబేడ్కర్ బొమ్మ స్థిరపడలేదు.

రాజ్యం మాత్రం వరండాను ఒకే కన్నుతో చూసింది. 1992 మేలో పీపుల్స్‌వార్‌తో పాటు విద్యార్థి సంఘాన్ని కూడా నిషేధించారు. నలుగురు కూర్చొని పుస్తకం చదివితే అనుమానం. సౌత్ కరోలినాలో తిరుగుబాటు చూసి విద్యార్థులతో మాట్లాడే తరగతి పెట్టారని పైన చెప్పాం. ఇక్కడ తిరుగుబాటు చూసి విద్యార్థులు తమలో తాము మాట్లాడుకొనే తరగతిని ఎత్తేశారు. తలకిందులైన కథ అన్నది ఇదే.

వరండాను మేం గొప్పచేస్తున్నామని ఎవరైనా అంటే ఒప్పుకుంటాం, ఎందుకంటే అందులో ఆడపిల్లలు లేరు. 1991 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ దళిత స్త్రీలలో చదవడం, రాయడం వచ్చినవాళ్ళు నూటికి 21 మంది మాత్రమే. ఫస్టియర్ దాకా వచ్చిన అమ్మాయికి హాస్టల్ దొరకదు, ఊరి నుంచి పోయిరావాలె, చీకటి పడకముందే ఆఖరి బస్సు పోతది. బస్సు తప్పిన ఒక్క సాయంత్రం చాలు, ఇంట్లో పెళ్ళి మాట ఎత్తడానికి. ఆమె చదువు బంద్ పెట్టిందని కూడా ఎవరూ అనరు, 'లగ్గమైంది' అంటరు. లెక్కల్లోకే రాదు. 1984 నుంచి సాంఘిక సంక్షేమ గురుకుల బడులు వచ్చాయి. వాటిని ఇంటర్ దాకా పెంచారు. దళిత అమ్మాయిల కోసం గురుకుల డిగ్రీ కాలేజీలు తెలంగాణలో 2016లో గాని మొదలు కాలేదు. ముప్పై ఏళ్ళకు పైగా ఇంటర్ దాకా నిలుపుకొని అక్కడ గేటు బయట వదిలేశారన్నమాట.

వరండాలో మాల, మాదిగ అన్న మాట కూడా ఉండేది. పైకి అనకపోయినా, ఎవరి పళ్ళెం ఎవరు తాకుతారన్నది తెలిసేది. 1994 జూలైలో ఈదుముడిలో దండోరా మొదలైనప్పుడు అది ఉద్యోగాల వాటా గురించేనని చాలామంది అనుకున్నారు. కాలేజీ సీటు, ఆ సీటులో నిలబడగల శక్తి కూడా అందులో ఉన్నాయి. వర్గీకరణ చట్టం 2000లో వచ్చి 2004 నవంబరులో సుప్రీంకోర్టులో కొట్టుకుపోయింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పును మార్చింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో మూడు గ్రూపులుగా 1, 9, 5 శాతాలు అమలులోకి వచ్చాయి. ఇక చేరినవాళ్ళ లెక్క గ్రూపుల వారీగా దొరుకుతుంది. మానేసిన వాళ్ళ లెక్క కూడా అట్లాగే తీయాలి. డక్కలి, మాస్టిన్ పిల్లలు ఫస్టియర్‌లో ఎందరు చేరారు, ఎందరు మిగిలారు? దళితులు అని ఒక్క గంపలో పోస్తే ఆ పిల్లలు మళ్ళీ అడుగున పడిపోతారు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి త్వరగా చెప్పి ముగిస్తాం, అందరికీ అనుభవమే గనుక. 2008 ప్రాంతంలో ఇది వచ్చినంక ప్రైవేటు కాలేజీ దళిత విద్యార్థిని పిలిచి సీటిచ్చింది. పిలిచింది విద్యార్థిని కాదు, వాడి వెంట వచ్చే ఫీజును. ఆ డబ్బు సర్కారు నుంచి రాకపోతే తాకట్టు పడేది విద్యార్థి సర్టిఫికెట్లే. 2024 అక్టోబరులో తెలంగాణలో ప్రైవేటు డిగ్రీ కాలేజీల యాజమాన్యాలు బకాయిల కోసం కాలేజీలే మూసిపెట్టాయి. అప్పుడు చదువు బంద్ పెట్టింది ఎవరు? ఇంటికి పోయి రాని పిల్లవాడి టి.సి.లో మాత్రం సొంత కారణాలే.

టింటో దర్ఖైమ్‌ను తెచ్చుకున్నది పోలిక కోసం. మన దగ్గర అది పోలికగా మిగలలేదు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2008 ఫిబ్రవరిలో సెంథిల్ కుమార్, 2013లో పుల్యాల రాజు, మాదారి వెంకటేశ్, 2016 జనవరి 17న వేముల రోహిత్. అందరూ దళిత, వెనుకబడిన కులాల ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, ఒక్కొక్కరి కారణాలు వేరు. 2013లో హైకోర్టు ఈ మరణాలను తనంతట తానే విచారణకు తీసుకుంది. చదువు సగంలో ఆపి ఊరికి తిరిగిపోలేనంత దూరం వచ్చినవాళ్ళు వాళ్ళు. హుస్నాబాద్ పిల్లగాడు దసరాకు ఇంటికొచ్చి బస్సెక్కకపోవడాన్ని మేం ఇన్నాళ్ళూ ఓటమి అనే అనుకున్నాం. బతికి ఇంటికి వచ్చాడన్నది కూడా గుర్తుపెట్టుకోవాలని ఆ చావుల తర్వాత తెలిసింది. వచ్చినవాడు మళ్ళీ చదువులోకి పోయే దారి ఒకటి ఉంది. 1982లో పెట్టి, 1991లో అంబేడ్కర్ పేరు పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఆదివారం తరగతులకు పోయి, హమాలీ పని చేసుకుంటూ, కండక్టరు కొలువు చేసుకుంటూ డిగ్రీ పూర్తి చేసినవాళ్ళు మా ఊళ్ళల్లో ఉన్నారు. వాళ్ళను ఏ లెక్కలో వేస్తారు? మానేసిన వాళ్ళా, నిలిచిన వాళ్ళా?

2019లో యు.జి.సి. 'దీక్షారంభ్' అని కొత్త విద్యార్థులకు ప్రవేశ కార్యక్రమం ఒకటి పెట్టమంది. పేరు చూస్తే ఉపనయనం గుర్తొస్తుంది. కొన్ని కాలేజీల్లో అది జ్యోతి వెలిగించి, ఉపన్యాసాలు ఇచ్చి, ఫొటోలు దిగి మధ్యాహ్నానికి అయిపోతుంది. 2020 జాతీయ విద్యా విధానం ఇంకో అడుగు వేసింది. ఏడాది చదివి మానేస్తే సర్టిఫికెట్, రెండేళ్ళకు డిప్లొమా ఇస్తామంది. అంటే ఫస్టియర్‌లో రాలిపోవడానికి ఇకమీద ఒక కాగితం, 'ఎగ్జిట్' అని ఒక మర్యాదైన పేరు. ఎవరు ఈ తలుపులోంచి ఎక్కువగా బయటికి పోతారో చెప్పడానికి పరిశోధన అక్కర లేదు. లెక్కల్లో మాత్రం వాళ్ళు మానేసినట్టు ఉండరు.

ఫస్టియర్ సెమినార్ వద్దని మేం అనడం లేదు. హుస్నాబాద్ లాంటి చోట పెడితే మొదటి గంటలో అడగాల్సినవి వేరే ఉంటాయి: మీ ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికి? స్కాలర్‌షిప్పు ఫారంలో ఏ కాగితం తక్కువపడ్డది? ఇంట్ల అప్పు ఎవరి దగ్గరుంది? హాస్టల్‌ల సీటు దొరికిందా, నిన్న రాత్రి ఏం తిన్నవ్? వీటికి జవాబు తెలిసిన మనిషి స్టాఫ్‌రూములో ఉండకపోవచ్చు. ఫైనలియర్ బెంచీలో ఉంటాడు, ఉంటుంది. వాళ్ళకు ఆ పని చేసినందుకు మార్కులో, డబ్బో ఇవ్వడానికి విశ్వవిద్యాలయం సిద్ధమేనా?

ఈ వ్యాసం రాస్తూ మాకు ఎదురైన పెద్ద లోటు రాతలు లేకపోవడం. చేరినవాళ్ళ రిజిస్టర్లున్నాయి, పాసైన వాళ్ళ జాబితాలున్నాయి. నడుమ పోయినవాళ్ళ మాట ఎక్కడా లేదు. హుస్నాబాద్, కోహెడ, చిగురుమామిడి దిక్కు హాస్టళ్ళలో ఉన్నవాళ్ళు, ఉండి వచ్చినవాళ్ళు, ముఖ్యంగా ఫస్టియర్‌లో మానేసిన అక్కలు, అన్నలు ఏ నెలలో, ఏ రోజున, దేనికి ఆగిపోయారో రెండు పేజీలైనా రాసి పంపండి. రాయడం రాకపోతే మీ ఇంటి పిల్లలతో రాయించండి. పేర్లు మార్చి వేస్తాం. టి.సి. ఇంకా దాచుకొని ఉంటే, 'కారణం' అన్న గడిలో ఏముందో అది కూడా ఒకసారి చూసి రాయండి.